గుత్తి కోట అంత ఎత్తున ఉండి కూడా హైదర్ అలీకి ఎట్లా చిక్కింది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: అనంతపురం జిల్లా గుత్తి కోటను ఎవరు కట్టారు, నిటారు బండ మీద ఫిరంగి గుండు కూడా అందని ఎత్తులో ఉన్న కోట 1776లో మైసూరు ఏలిక హైదర్ అలీ చేతికి ఎట్లా పోయింది, వచ్చే ఆదివారం పిల్లల్ని తీసుకుని పోతే ఇదంతా కంటికి కనబడేది ఎక్కడ.

నడిమి ప్రశ్నకు ముందు జవాబు. పైకోటలో నీళ్లు అయిపోయాయి, అందుకే పోయింది. పైకోట గోడకు గండి పడలేదు, నిచ్చెనలేసి ఎవరూ ఎక్కలేదు. కోట పడిందంటే చాలు, లోపలివాడెవడో తలుపు తీసి ఉంటాడని మనవాళ్లు అనుకుంటారు. గుత్తి విషయంలో అంత ద్రోహమేమీ లేదు. నోటిదురుసు మాత్రం కాస్త ఉంది, ఆ సంగతి కింద చెబుతాను.

ఎవరు కట్టారన్న దానికి ఒక పేరు చెప్పి ఊరుకోవడం కుదరదు. అక్కడి శాసనాల్లో పాతవి కల్యాణి చాళుక్య ఆరవ విక్రమాదిత్యుడి కాలానివి (ఆయన ఏలింది 1076 నుంచి 1126 దాకా). విజయనగరం మొదటి బుక్కరాయల నాటి శాసనంలో గుత్తిని కోటలకు రాజు అన్నారు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర గద్దె పెనుకొండకు మారింది. పదిహేడో శతాబ్దంలో మీర్ జుమ్లా నడిపిన గోల్కొండ సేనలు ఈ సీమంతా ఆక్రమించాయి. 1687లో గోల్కొండే మొగలుల పాలైంది. పద్దెనిమిదో శతాబ్దంలో గుత్తి మరాఠా ఘోర్పడే వంశం చేతికొచ్చి మురారి రావుకు ముఖ్యపట్టణమైంది. తర్వాత హైదర్, ఆయన కొడుకు టిప్పు. 1799లో టిప్పు పోయాక నిజాం వాటాకు వచ్చింది, మరుసటి ఏడే, 1800లో, నిజాం దాన్ని బళ్లారి, కడపలతో కలిపి ఇంగ్లీషువాళ్ల ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలం అన్న మాట అక్కడిదే. వీళ్లలో చాలామంది కోటకు ఏదో ఒకటి కలిపినవాళ్లే. అందుకే గోడ ఒక్కో చోట ఒక్కో తీరుగా కనిపిస్తుంది.

మురారి రావు సామాన్యుడేమీ కాదు. 1741లో మరాఠాలు తిరుచిరాపల్లి పట్టుకున్నాక దాన్ని రెండేళ్లు కాపాడింది ఈయనే. 1751లో ఆర్కాటు ముట్టడి వేళ ఇంగ్లీషు సేనాని క్లైవు పక్షాన కదిలిన మరాఠా గుర్రపుదళం కూడా ఈయనదే. ఈ గుర్రాలను గుర్తుపెట్టుకోండి, నీళ్ల లెక్కలో మళ్లీ వస్తాయి.

ఇప్పుడు కొండ సంగతి. గుత్తి అంటే ఒక కొండ కాదు. గుండ్రంగా నిలబడిన కొండల వరస, నడుమ ఊరు. కొండకూ కొండకూ మధ్య తగ్గులో గోడలు కట్టి వరసంతా కలిపేశారు. అన్నిటికన్నా ఎత్తైన కొండ మీద పైకోట. అది కింది నేల నుంచి దాదాపు 300 మీటర్లు లేస్తుంది. మొత్తం శంఖం ఆకారంలో ఉంటుందని, 15 ద్వారాలని చెబుతారు.

ఫిరంగి ఎందుకు పనికిరాదో చిన్న లెక్కతో తేలుతుంది. గోడ పగలగొట్టే ఫిరంగులను ఆ రోజుల్లో కొన్ని వందల గజాల దూరంలోకి తెచ్చి నిలిపేవాళ్లు. అంతకన్నా దూరమైతే గుండుకు ఊపు చాలదు. 600 మీటర్ల దూరం నుంచి 300 మీటర్ల ఎత్తుకు కొట్టాలంటే గొట్టాన్ని 26 డిగ్రీల పైన ఎత్తాలి. చక్రాల బండి మీది పెద్ద ఫిరంగి అంత లేవదు. బలవంతాన తోక కింద గుంట తీసి లేపినా, వెనక్కి తన్నిన దెబ్బకు ఇరుసు విరుగుతుంది. పైకి విసిరే పొట్టి ఫిరంగులతో లోపల ఇళ్లు కాల్చొచ్చు గానీ గోడకు గండి కొట్టలేరు. అట్లాగని పైనున్నవాడికి అంతా సుఖమేమీ కాదు. ఫిరంగి మూతిని మరీ కిందికి వంచితే గుండు దానంతటదే జారి పడిపోతుంది. బండ పాదంలో నక్కినవాడి మీదికి పైనుంచి దొర్లించే రాళ్లే దిక్కు.

అందుకే తెలివైన సేనాపతి ఇట్లాంటి కోటను కొట్టడు. చుట్టి కూర్చుంటాడు. అప్పుడు లోపలివాళ్లకు కావలసినవి నాలుగు: తిండి, మందుగుండు, మనుషులు, నీళ్లు. జొన్నలు పాతరలో పోసి మూత మెత్తితే ఏళ్ల తరబడి నిలుస్తాయి. మందు తడవకుండా చూసుకుంటే చాలు. నీళ్లను మాత్రం అట్లా దాచలేం.

కొండ మీద నీళ్లెట్లా వస్తాయన్న దాని మీద చాలామందికి పొరపాటు అభిప్రాయం ఉంది. గుత్తి కోటలో 101 బావులనీ, 108 అనీ అంటుంటారు. బావి అనగానే అడుగున ఊట ఉంటుందనుకుంటాం. మన సీమ కొండలు చాలావరకు నల్లరాయి జాతివి. ఆ రాతికి చెమ్మ పీల్చే గుణం లేదు. నీళ్లు పగుళ్లలోనే నిలుస్తాయి, ఆ పగుళ్లలోకి వచ్చేదీ పైన కురిసిన వానే. కాబట్టి కొండ మీది బావిని బావి అనుకోకండి, తొట్టి అనుకోండి. నింపేది వాన. వాన లేనప్పుడు తోడిన ప్రతి కడవా తరిగిపోయేదే.

లెక్క చూడండి. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఒక ఎకరా బోడి బండ మీద పడే నీళ్లు దాదాపు 22 లక్షల లీటర్లు. సగం పారిపోయినా, ఆవిరైనా, 11 లక్షల లీటర్లు తొట్టిలోకి మళ్లించొచ్చు. అంటే వాన చాలకపోవడం అసలు చిక్కు కాదు. చిక్కంతా దాచుకునే చోటుతో. బండ తొలిచి తొట్టి చేయడం ఏళ్ల పని. ఉన్న పగులును వెడల్పు చేసి, దిగువన అడ్డగోడ కట్టి, లోపల సున్నపు గచ్చు చేసేవాళ్లు. సున్నం, ఇసుక గానుగలో వేసి ఎద్దుతో నూరించి, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం కలిపి పట్టించే గచ్చు అది. ఎండకు పగలదు, నీళ్లు దిగనివ్వదు.

ఒక తొట్టి 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు అనుకుందాం. ఇది గుత్తిలో కొలిచినది కాదు, లెక్క కోసం తీసుకున్నది. నిండితే 6 లక్షల లీటర్లు. ఎండాకాలంలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే, ఒక్కరు తాగకుండానే రోజుకు 1,600 లీటర్లు గాలిపాలు. లోపల వెయ్యిమంది ఉన్నారు, తాగడానికి, వండడానికి మనిషికి 5 లీటర్లు. రోజుకు 5,000 లీటర్లు. ఆవిరితో కలిపి 6,600. తొట్టి 90 రోజులు వస్తుంది. మూడు నెలలు, ఫర్వాలేదు.

ఇప్పుడు అదే తొట్టికి గుర్రాలను కట్టండి. గుర్రానికి రోజుకు 30 లీటర్లకు తక్కువ కాదు, ఎద్దుకు 35 వేసుకోండి. 300 గుర్రాలకు 9,000, 200 ఎద్దులకు 7,000. మొత్తం రోజు ఖర్చు 22,600 లీటర్లు. 90 రోజుల తొట్టి 26 రోజులకు పడిపోతుంది. వెయ్యిమంది మనుషుల కన్నా 500 పశువులే మూడింతలు తాగుతున్నాయి.

గుత్తి చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. కొండల వరసంతా కోట కావడం చూడ్డానికి గొప్పగా ఉంటుంది, కాయాలంటేనే కష్టం. గోడ మీద రెండు మీటర్లకు ఒక మనిషి నిలబడితే కిలోమీటరుకు 500 మంది. మూడు వంతులుగా కాపలా కాయాలంటే 1,500. కొండలు చుట్టి వచ్చే గోడకు ఎంతమంది కావాలో మీరే వేసుకోండి. పైకోటకు వందల్లో మనిషి చాలు, కింది గోడలకు వేలల్లో కావాలి. ముట్టడి బిగిసి ఊరు, కింది కోట చేజారాక అక్కడి జనం ఎక్కడికి పోతారు? పైకే. మనుషుల వెంట పశువులు. గుర్రపుదళం నమ్ముకుని బతికిన సర్దారు గుర్రాలను కింద శత్రువుకు వదిలేస్తాడా? కొన్ని వందలమందికి తొలిచిన తొట్ల మీద ఊరంతా వచ్చి పడింది.

ఇంకొక సంగతి. నీళ్లు తగ్గేకొద్దీ చెడతాయి కూడా. అడుగున బురద, పాచి, పశువుల పేడ కడిగిన నీళ్లు. చివరి రెండడుగుల నీళ్లను లెక్కలో వేసుకోకూడదు, అవి తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. ముట్టడిలో ఉన్న దండుకు కత్తి కన్నా అదే పెద్ద శత్రువు.

1775లో బళ్లారిని లొంగదీసుకుని హైదర్ గుత్తి మీదికి వచ్చాడు. ఊరు, కింది కోట దాడిలో పోయాయి, పైకోట నిలిచింది. నీళ్లు అడుగంటాక మురారి రావు రాయబారం నడిపాడు. ఆ తరం ఇంగ్లీషువాళ్లు రాసిపెట్టిన కథనం ఇట్లా సాగుతుంది: పెద్ద మొత్తం సొమ్ముకు ఒప్పందం కుదిరింది. కొంత అప్పుడే కట్టి, మిగిలినదానికి జామీనుగా తన సేనానుల్లో ఒకరి కొడుకును హైదర్ శిబిరానికి పంపారు. హైదర్ ఆ కుర్రవాణ్ణి ఆదరంగా కూర్చోబెట్టి మాటల్లో పెట్టాడు. కుర్రవాడు పౌరుషానికి పోయి, నీళ్లే ఉంటే మేం మీకు లొంగేవాళ్లమా అన్నాడు. ఎన్నాళ్లకు ఉన్నాయి నీళ్లు అని హైదర్ అడిగాడు. మూడు రోజులకు అని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. హైదర్ ఏదో వంక పెట్టి ఒప్పందం తెంపి మళ్లీ చుట్టు బిగించాడు. అంతే. 1776లో కోట అతనిదైంది.

ఈ ముచ్చటలో మాటకు మాట నిజమా అంటే, రాసినవాళ్లు హైదర్ జిత్తులు చూపడానికి కొంత మెరుగులు దిద్ది ఉండొచ్చు. అయితే నీళ్లు పోయినందువల్లే లొంగారన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. మురారి రావును శ్రీరంగపట్నం తీసుకుపోయి, అక్కణ్ణుంచి కబ్బాళదుర్గంలో పెట్టారు. అదీ కొండ కోటే. అక్కడే పోయాడు.

మన చుట్టుపక్కల కోటలతో పోల్చి అడుగుతారేమో, రెండు ముక్కలు. కడప జిల్లా గండికోటకు ఈ బాధ తక్కువ. అది శిఖరం మీది కోట కాదు, పెన్న కోసిన లోయ అంచున చదునైన రాతి మీద ఉంటుంది. రాయి కూడా వేరు, పొరలు పొరలుగా వచ్చే ఎర్రటి ఇసుకరాయి. ఒక పక్క నిటారు లోయే గోడ. దాని బలహీనత నీళ్లు కాదు, చదునుగా ఉన్న ముందుపక్క. ఆదోని కొండ కోట గుత్తికి దగ్గర పోలిక. 1786లో టిప్పు పట్టుకుని, మళ్లీ ఎవరికీ ఆసరా కాకుండా దాని కట్టడాలు పడగొట్టించాడు. ఇప్పుడు ఆదోనిలో చూడ్డానికి తక్కువ మిగలడానికి అది ఒక కారణం.

ఆదివారం పోతే ఏం చూడాలి. అనంతపురం నుంచి 50 కిలోమీటర్ల పైచిలుకు, కర్నూలు రోడ్డు మీదే. గుత్తి జంక్షన్లో రైలు దిగితే ఆటోలో కొండ పాదానికి రావొచ్చు. ఎండ ఎక్కకముందే, ఆరున్నరకల్లా నడక మొదలుపెట్టండి. పిల్లలతో అయితే ఎక్కడానికి గంటన్నర వేసుకోండి. తలకు రెండు లీటర్ల నీళ్లు కింది నుంచే మోసుకుపోవాలి, పైన దుకాణం లేదు. తొట్టి నీళ్లు ఎంత తేటగా కనిపించినా తాగొద్దు.

ద్వారాల దగ్గర తొందరపడి దాటిపోవద్దు. దారి తిన్నగా ద్వారంలోకి పోదు, మలుపు తిరిగి పోతుంది. ఏనుగు గానీ దూలం మోసుకొచ్చే మనుషులు గానీ పరుగెత్తి వచ్చి తలుపు గుద్దడానికి జాగా లేకుండా చేసిన ఏర్పాటు అది. ద్వారబంధం రెండు పక్కలా గోడలో చదరపు రంధ్రాలుంటాయి. ఒక పక్కది లోతు తక్కువ, రెండో పక్కది గోడలోకి చాలా దూరం పోతుంది. అడ్డగడియ దూలం పగలంతా ఆ లోతైన రంధ్రంలో దాక్కుని ఉండేది, సాయంత్రం లాగి ఎదుటి రంధ్రంలో గుచ్చేవాళ్లు. పిల్లలకు ఇది చూపిస్తే సరదాగా ఉంటుంది. చెయ్యి మాత్రం పెట్టనివ్వకండి, టార్చి వేసి చూడండి. తేళ్లకు అంతకన్నా మంచి ఇల్లు దొరకదు.

గోడ ఏ కాలందో తేల్చుకోవడానికి ఒక మోటు గుర్తు చెబుతాను. పెద్ద పెద్ద రాళ్లు, మధ్యలో సున్నం లేకుండా ఒకదానికొకటి పట్టేలా చెక్కి పేర్చి ఉంటే పాత తరహా. అడుగున ఆ పెద్ద రాళ్లు ఉండి, పైన చిన్న రాళ్లో ఇటుకలో సున్నంతో కట్టి, తుపాకి గొట్టం పట్టే రంధ్రాలుంటే పైభాగం తుపాకుల కాలంలో లేపింది. రంధ్రాల్లోంచి తొంగిచూడండి: ఒకటి తిన్నగా, ఒకటి పక్కకు, ఒకటి గోడ పాదానికి గురి పెట్టినట్టు ఉంటే, కట్టించినవాడికి తుపాకి పోరు బాగా తెలుసని అర్థం. ఇది మోటు గుర్తే సుమా. పడిపోయిన పాత రాళ్లనే ఏరి తర్వాతి వాళ్లు మళ్లీ పేర్చిన చోట్ల తప్పుతుంది.

కొన్నిచోట్ల గోడ పొట్ట ఉబ్బి కనిపిస్తుంది. ఈ గోడలు లోపలా బయటా రెండు రాతి పొరలు, నడుమ మట్టి, రాళ్ల ముక్కలు. పైన గచ్చు పగిలితే వాన నడుమ మట్టిలోకి దిగుతుంది, మట్టి ఉబ్బి పొరను బయటికి నెడుతుంది. రావి మొక్క వేరు దూరితే ఆ పని ఇంకా తొందరగా అవుతుంది. అట్లాంటి గోడ కింద కూర్చుని అన్నం మూటలు విప్పొద్దు. సిమెంటు పూసి ఇట్లాంటివి నిలబెడదామనుకునేవాళ్లూ ఉంటారు, అది ఇంకా చేటు. సిమెంటు బిగుసుకుపోయి లోపలి చెమ్మను బయటికి రానివ్వదు, నాలుగు వానలకు పక్క రాయినీ ఊడదీసుకుని పడుతుంది. సున్నపు కట్టుకు సున్నమే వేయాలి.

పైన రెండు పెద్ద కట్టడాలుంటాయి, ధాన్యం కొట్టు, మందుగుండు కొట్టు అంటారు. ఏది ఏదో తేల్చుకోవాలంటే కిటికీలు, గోడ మందం చూడండి. మందు కొట్టుకు గోడలు మరీ లావు, గాలి రంధ్రాలు తక్కువ. ధాన్యం కొట్టుకు పైనుంచి పోయడానికి కన్నాలు, లోపల ఎలుక పట్టు దొరకని నున్నటి గచ్చు ఉండాలి. కొండ అంచున మురారి రావు గద్దె అని చిన్న మంటపం ఉంది, నున్నటి సున్నపు పని. అక్కడ కూర్చుని ఊయల ఊగుతూ, చదరంగం ఆడుతూ, ఖైదీలను బండ మీది నుంచి తోయించి చూసేవాడని చెప్పుకుంటారు. నన్నడిగితే అది కాపలా చోటు. అక్కణ్ణుంచి ఊరంతా, వచ్చే దారులన్నీ ఒక్క చూపులో పడతాయి. గద్దెకు అడ్డుగోడ లేదనే అనుకుని, పిల్లల చెయ్యి పట్టుకుని నిలబెట్టండి. వాన పడిన మర్నాడైతే పాచి బండ మీద జారుతుంది, గద్దె దాకా పోకపోవడమే మేలు. కొండ చరియలకు పెద్ద తేనెపట్లుంటే పొగ, అత్తరు, గట్టి అరుపులు పనికిరావు.

దిగాక కొండ పాదాన ఇంగ్లీషువాళ్ల సమాధులున్నాయి. దత్తమండలాల కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోతే తెచ్చి పాతిపెట్టింది ఇక్కడే. 1831లో తీసి మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి మార్చారు. టైముంటే పత్తికొండ దారిలో ఎర్రగుడి అశోక శాసనాలు కూడా చూసుకుని రండి. అందులో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికీ, మళ్లీ కుడి నుంచి ఎడమకూ, మడక దున్నినట్టు చెక్కి ఉంటాయి.

పైకోటలో మాత్రం తొట్ల దగ్గర పది నిమిషాలు ఆగండి. అంచు బండ మీద వరసగా, చుక్కలు పెట్టినట్టు, రెండు వేళ్లు పట్టే చీల గుంటలు కనిపించొచ్చు. రాయి చీల్చడానికి ఉలితో తీసినవి అవి. తొట్టి లోంచి చీల్చిన రాయే పక్కనున్న గోడకు పోతుంది, ఒక్క పనితో నీళ్లకు గుంట, గోడకు రాయి. లోపలి పక్క తిరిగి చూస్తే బండకు అడ్డంగా తెల్లటి గీతలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి, నీళ్లు నిలిచి తగ్గిన గుర్తులు. పై గీత నుంచి ఇప్పటి నీళ్ల దాకా ఎన్ని మూరలో పిల్లల చేత కొలిపించండి.